కీళ్లవాతం కదా అని కూర్చోబెట్టేస్తున్నారు
(పాఠకుల ప్రశ్నలు – ఫిజియోథెరపిస్ట్ జవాబులు)

ప్రశ్న: మేడం గారూ, నాకు 46 ఏళ్లు. ఆరేళ్లుగా కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్). వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను, వాపులు చాలావరకు తగ్గాయి. కాకపోతే రెండు చేతుల వేళ్లూ కాస్త చిటికెన వేలి వైపు వాలాయి. మా ఇంట్లోవాళ్లు మంచివాళ్లే, అదే వచ్చిన చిక్కు. చీపురు పట్టుకుంటే లాక్కుంటారు, వంటింట్లోకి వెళ్తే అత్తయ్యగారు "నువ్వెళ్లి కూర్చోమ్మా" అంటారు. కూర్చుని కూర్చుని ఇప్పుడు కుర్చీలోంచి లేవాలన్నా ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వస్తోంది. నడిస్తే కీళ్లు ఇంకా అరిగిపోతాయని మావారి భయం. కదలొచ్చా, కదలకూడదా?
– ఒక గృహిణి, తణుకు

జవాబు: కదలాలమ్మా. మీవాళ్ల ప్రేమని తప్పుపట్టను గానీ, లేవలేకపోవడంలో జబ్బు వాటా ఎంతుందో ఈ కూర్చోబెట్టడం వాటా కూడా అంతే ఉండి ఉంటుంది. మీవారు అనుకుంటున్న అరుగుదల వేరు, అది వయసు మీద పడినవాళ్ల మోకాళ్లలో ఎక్కువగా చూస్తాం. మీది మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి కీలు లోపలి పొర మీద దాడి చేసే జబ్బు. ఆ వాపు అదుపు తప్పితే ఎముక, మృదులాస్థి దెబ్బతింటాయి. దాన్ని ఆపడం మందు పని, అది మీకు పనిచేస్తోంది. ఇక మిగిలింది కండ. కీలు మీద పడే బరువుని కాచుకునేది చుట్టూ ఉన్న కండే, వాడకపోతే అది కరిగిపోతుంది, ఈ జబ్బులో మామూలుకంటే తొందరగా కరుగుతుంది, స్టెరాయిడ్లు కూడా వాడి ఉంటే చెప్పనే అక్కర్లేదు.

తొడల దగ్గర మొదలుపెట్టండి. కాస్త ఎత్తైన కుర్చీ గోడకి ఆనించి, అంచుకి జరిగి కూర్చుని, చేతులు వాడకుండా లేచి నిలబడి మెల్లగా కూర్చోవాలి. రాకపోతే కింద ఒక దిండు వేసుకోండి, కొన్నాళ్లయ్యాక తీసేయొచ్చు. ఆసరా తప్పదనుకుంటే అరచేయి పూర్తిగా పరిచి నొక్కండి, పిడికిలి బిగించి కణుపుల మీద లేవడం మాత్రం వద్దు, వాలిన వేళ్లని అది ఇంకా వాలుస్తుంది. నడక ఒకేసారి అరగంట కాకుండా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పదేసి నిమిషాలు చాలు. ఎంతవరకు చెయ్యొచ్చు అంటే, చేశాక వచ్చిన నొప్పి రెండు గంటలు దాటినా తగ్గకపోతే ఆ రోజు ఎక్కువైనట్టు, మర్నాడు కొంచెం తగ్గించండి, మానేయొద్దు.

కీళ్లు వేడిగా, ఎర్రగా ఉబ్బిన రోజుల లెక్క వేరు. అప్పుడు బరువులొద్దు, వ్యాయామం వద్దు, ప్రతి కీలునీ వచ్చినంతవరకు రెండుమూడుసార్లు ఆడించి వదిలేయండి. అలాంటి రోజులు వరసగా వస్తుంటే మాత్రం వ్యాయామం మార్చడం కాదు, రుమటాలజిస్టు (కీళ్లవాతం డాక్టరు) దగ్గరికి వెళ్లి మందు సంగతి చూసుకోవాలి.

చేతులకి కూడా వ్యాయామం ఉంది. 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనంలో 490 మందిని తీసుకున్నారు. మందులతో పాటు చేతుల వ్యాయామాలు చేసినవాళ్లకి ఏడాది తర్వాత చేతుల పనితనం మిగతావాళ్లకంటే బాగుంది. అయితే అందరూ కొనిచ్చే ఆ స్మైలీ బంతిని, వేళ్లు వాలినవాళ్లని గట్టిగా పిసకమని నేను చెప్పను. చెయ్యి బల్లమీద బోర్లా పెట్టి వేళ్లని ఒక్కొక్కటిగా బొటనవేలి వైపు జరపడం మీకు మేలు. మిగతావి దగ్గర్లోని ఫిజియో దగ్గర ఒకసారి చూసి నేర్చుకోండి.

ఇక వంటిల్లు. వదులుకోవద్దు, పద్ధతి మార్చండి. పప్పు కలిపేటప్పుడు గరిటెని పెన్నులా పట్టుకుంటే బరువంతా వేళ్ల మీదే పడుతుంది. రోకలి పట్టుకున్నట్టు, బొటనవేలు పైకి ఉండేలా పట్టుకుని భుజంతో తిప్పి చూడండి, మణికట్టు తిన్నగా ఉంటుంది. గిన్నె దించడానికి పట్టకారు మానేసి, రెండు వైపులా చెవులున్న గిన్నెలు వాడండి. తడిబట్టలు పిండొద్దు, నీళ్లు కారేదాకా కుళాయికి వేలాడదీయండి. పొద్దున బిగుసుకున్న చేతుల్ని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, పట్టు వదిలాకే పని మొదలుపెట్టండి. కూరలు రాత్రే తరిగిపెట్టుకుంటే పొద్దున టెన్షన్ ఉండదు. చీపురు నిలబడి ఊడ్చేదైతే మీరే ఊడవండి, అత్తయ్యగారికి నా పేరు చెప్పండి.

ప్రశ్న: 34 ఏళ్లు, మూడేళ్లుగా ఇదే జబ్బు. యోగా క్లాసులో చేరాను, సర్వాంగాసనం, శీర్షాసనం వేస్తే కీళ్లవాతం పోతుందంటున్నారు. ఈమధ్య మెడ పట్టేస్తోంది. కొనసాగించొచ్చా?
– కరీంనగర్

జవాబు: ఆ రెండూ ఇవాళే ఆపేయండి. ఈ జబ్బు మెడలోని పై రెండు వెన్నుపూసల మధ్య పట్టుని వదులు చేయగలదు, ఆ పక్కనే వెన్నుపాము ఉంటుంది. మెడ వంచినప్పుడు వీపులోకి షాక్ కొట్టినట్టు అనిపించినా, చేతులు తిమ్మిరెక్కినా, నడక తడబడినా అదే రోజు డాక్టరుకి చూపించాలి. మెడ వంచి, ఎత్తి తీసే ఎక్స్‌రేలు రాస్తారు. ఎప్పుడైనా ఆపరేషన్ పడితే మత్తు డాక్టరుకి ఈ జబ్బుందని ముందే చెప్పండి, మత్తు ఇచ్చేటప్పుడు మెడ వెనక్కి వంచుతారు. యోగా మొత్తం మానమనడం లేదు. మెడ మీద బరువు పడనివి, కుర్చీలో కూర్చుని చేసేవి హాయిగా చేసుకోండి.

ప్రశ్న: మా అమ్మకీ ఇదే జబ్బు. వంకాయ, దుంపలు, చింతపండు అన్నీ మాన్పించాం, అయినా తగ్గడం లేదు. ఇంకేం మాన్పించాలి?
– మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: పాపం, ఆవిడ చారు ఆవిడకి ఇచ్చేయండి. వంకాయ మానితే ఈ జబ్బు తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఏదైనా తిన్న ప్రతిసారీ నొప్పి పెరుగుతుంటే అదొక్కటి మానొచ్చు. మానాల్సింది పొగ, పొగాకు, ఊరూపేరూ లేని "వాతం పొడులు". తిన్న రెండోరోజే అద్భుతంగా తగ్గిందంటే అందులో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించాలి. ఆవిడ మెథోట్రెక్సేట్ వాడుతుంటే ఒకటి చూడండి: అది వారానికి ఒక్క రోజే. మరిచిపోయి రోజూ వేసేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. వేసుకోవాల్సిన ఆ రోజు పేరు డబ్బా మీద పెద్దక్షరాలతో రాయండి, రాసిచ్చిన రక్తపరీక్షలు ఎగ్గొట్టొద్దు.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను, అమ్మ నిజామాబాద్‌లో ఒక్కతే. ఆవిడకీ ఇదే జబ్బు, నడక కష్టమైంది. వీల్‌చైర్ కొని పంపుదామనుకుంటున్నా. వికలాంగుల సర్టిఫికెట్ ఏమైనా వస్తుందా? వచ్చే ఏడాది ఇక్కడికి తీసుకురావాలనుంది.
– ఒక కొడుకు

జవాబు: బాబూ, వీల్‌చైర్ కంటే ముందు బాత్రూం చూడు. కమోడ్ ఎత్తు పెంచే సీటు, పక్కన గోడకి గట్టి రాడ్, గుండ్రంగా తిప్పే కుళాయిల బదులు మోచేత్తో నెట్టే పొడుగు హ్యాండిల్ కుళాయిలు పెట్టించు. కర్ర కొంటే ముంజేయి ఆనించుకునేది చూడు, మామూలు కర్ర పిడి వేళ్లనే పీడిస్తుంది.

2016 వికలాంగుల చట్టంలోని 21 రకాల్లో ఈ జబ్బు పేరు విడిగా లేదు గానీ, దానివల్ల కదలికలో వచ్చిన లోపాన్ని లెక్కేస్తారు. 40 శాతం, ఆపైన తేలితే ఆ చట్టం కింద చాలా సదుపాయాలకి దారి దొరుకుతుంది. ఆ శాతం తేల్చే సదరం క్యాంపులో చూపించేటప్పుడు పాత ఎక్స్‌రేలు, రుమటాలజిస్టు చీటీలు అన్నీ పట్టుకెళ్లమను.

ప్రయాణానికి టికెట్ తీసేటప్పుడే ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ కావాలని రాయించు. ఆవిడ వద్దంటుంది, నలుగురూ చూస్తారని. ఆ పొడుగాటి నడకా, క్యూలూ తప్పించుకుంటే విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వేసే ఓపిక మిగులుతుందని చెప్పు. ఇంజెక్షన్లు వాడుతుంటే అవి చేతి సంచిలో, చల్లగా ఉండే డబ్బాలో, డాక్టరు చీటీతో సహా ఉండాలి. లగేజీలో వేయొద్దు.