పాత కారు కొనేముందు రేకు చూడండి, ఇంజను సంగతి తర్వాత

మీ ప్రశ్న ఇదీ: తిరుపతిలో ఉంటారు, చేతిలో లక్షన్నర దాకా ఉంది, ఇంతవరకు పానా పట్టిన అలవాటు లేదు. పుత్తూరు దగ్గర ఒక షెడ్డులో ఏళ్లుగా నిలబడిపోయిన ప్రీమియర్ పద్మినిని అరవై వేలకు ఇస్తామంటున్నారు. ఇంజను జామ్ అయింది. కొనొచ్చా, కొంటే పని ఎక్కడ నేర్చుకోవాలి?

ఇంజను జామ్ అయిందని బండిని వదులుకోకండి. ఇంజను తిరుగుతోందని ఏ బండినీ కొనకండి. ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాల్లో నేను ముందు ఒక పద్మినిని, ఆ తర్వాత ఒక కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పాతకాలపు భాగం) ఉన్న మారుతి 800ని రోడ్డెక్కించాను. రెండింటిలోనూ ఇంజనుకు పెట్టింది తక్కువ, టింకరింగ్‌కీ, అంటే రేకు పనికీ, పెయింటుకీ పోయింది చాలా ఎక్కువ.

ఇంజనులో ఏం పోయినా దానికో లెక్క ఉంటుంది. రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ సెట్టు, హెడ్ ఫేసింగ్ (ఇంజను పైభాగాన్ని చదును చేయించడం), మరీ అరిగిపోతే సిలిండర్లను బోరు చేయించి, అంటే కాస్త వెడల్పు చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు. విప్పి చూశాక లేత్ షాపు వాళ్లు ఇంత అవుతుందని ముందే చెప్పేస్తారు. రేకుకు ఆ లెక్క ఉండదు. పైకి రూపాయి బిళ్లంత కనిపించే తుప్పును గీకితే అరచేయి దూరేంత కన్నం పడుతుంది. వెల్డింగ్ నిలబడే గట్టి అంచు దొరికేదాకా కోసుకుంటూ పోవాలి. పైగా పద్మిని, అంబాసిడర్, 800 మూడింటికీ విడిగా చాసిస్ (అడుగున మోసే ఇనుప చట్రం) ఉండదు, బాడీయే బండికి బలం. ఫ్లోర్ పుచ్చిపోతే అది అందానికి సంబంధించిన సమస్య కాదు, ప్రాణాలకు సంబంధించింది.

కాబట్టి పుత్తూరు వెళ్లేటప్పుడు ఒక చిన్న అయస్కాంతం, టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవర్ తీసుకెళ్లండి. అయస్కాంతానికి గుడ్డ చుట్టి డోర్ల కింది భాగం, చక్రాల పైన ఆర్చులు, డోర్ల కింద ఉండే సిల్స్ మీద జరపండి. పట్టు వదిలేసిన చోటల్లా కింద మందంగా పుట్టీ ఉన్నట్టే. మ్యాట్లు ఎత్తి ఫ్లోర్ చూడండి, డిక్కీలో స్టెప్నీ కింద చూడండి, బ్యాటరీ పెట్టే ట్రే చుట్టూ చూడండి. జాకీ పెట్టే చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. ఓనర్ ముఖం చిట్లించుకుంటాడు, పర్వాలేదు. మొన లోపలికి దిగితే అరవై వేలు కాదు కదా, ఉచితంగా ఇచ్చినా మొదటి బండిగా అది మీకొద్దు.

ఈ ప్రాంతంలో ఉన్నందుకు మనకో లాభం ఉంది. చెన్నైలో సముద్రపు గాలికి నలిగిన బండికీ, మదనపల్లె, పలమనేరు వైపు పొడి గాలిలో పెరిగిన బండికీ కింద రేకులో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. టీఎన్ (తమిళనాడు) నంబరు బండి చవగ్గా వచ్చిందని సంబరపడేముందు కిందికి దూరి చూడండి. ఇంకో మాట. 2021 నవంబరు వానలకు తిరుపతిలో చాలా కాలనీలు మునిగాయి, వాటితోపాటు కార్లూ మునిగాయి. సీట్ల కింద స్ప్రింగుల్లో, డాష్‌బోర్డు వెనక సందుల్లో ఎండిన బురద కనిపిస్తే వైరింగ్ మొత్తం కొత్తగా లాగాల్సిందేనని లెక్కేసుకోండి.

ఇక మోడల్ సంగతి. పద్మిని అంటే 1964 నుంచి ముంబై కుర్లాలో తయారైన ఫియట్ 1100, 1089 సీసీ ఇంజను. దాని స్పేర్లు అన్నాళ్లు మార్కెట్లో కదిలాయంటే పెద్ద కారణం ముంబై ట్యాక్సీలే. 2023 అక్టోబరు ఆఖరుతో అవి ఆగిపోయాయి. ఇంజను, బ్రేకు సామాన్లు ఇంకా వెతికితే దొరుకుతాయి కానీ అద్దాలు, క్రోమ్ పట్టీలు, లైట్ల రింగులకు చుక్కలు కనిపిస్తాయి. అందుకే బండిలో ఇవి పూర్తిగా ఉన్నాయో లేదో చూసి బేరమాడండి. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి సామాన్లకు ఇబ్బంది తక్కువ, లోపల చెయ్యి పెట్టడానికి చోటూ ఎక్కువ. అయితే పాత పెట్రోలు అంబాసిడర్‌కు అంగుళాల కొలత పానాలు కావాలి, మామూలు మిల్లీమీటర్ సెట్టుతో తిప్పితే నట్ల మూలలు అరిగిపోతాయి. ఒకప్పుడు మద్రాసు స్టాండర్డ్ కంపెనీ చేసిన హెరాల్డ్ చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, మొదటి బండిగా మాత్రం వద్దు.

నన్నడిగితే, పద్మిని మీద మనసు మరీ పడకపోతే, పని నేర్చుకోవడానికి కార్బురేటర్ 800 అంత మంచిది ఇంకోటి లేదు. 796 సీసీ, మూడే సిలిండర్లు, ఇద్దరు మనుషులు ఇంజనును చైన్ బ్లాకుతో దింపేయొచ్చు, చిన్న ఊళ్లో కూడా సామాను దొరుకుతుంది. ఫోటో పెడితే పద్మినికి వచ్చినన్ని లైకులు రావు, అంతే తేడా.

రేకు తర్వాత చూడాల్సింది సీ బుక్కు, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకం. షెడ్డులో నిలబడిపోయిన బండ్లు చాలావరకు చనిపోయిన పెద్దాయన పేరు మీదే ఉంటాయి. అలాంటప్పుడు వారసులు ముందు ఫారం 31తో తమ పేరుకు మార్చుకోవాలి, ఆ తర్వాతే బండి మీ పేరుకు మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి. పాత చేతిరాత పుస్తకమైతే ఆ నంబరు రవాణా శాఖ పరివాహన్ సైట్‌లో కొట్టి వివరాలు వస్తున్నాయో లేదో చూడండి. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, పుస్తకంలోని నంబరుతో పోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా బేరం అక్కడే ఆపేయండి.

పదిహేనేళ్లు దాటిన బండిని రోడ్డెక్కనివ్వరని మీ బంధువులెవరో చెప్పారన్నారు. అది ఢిల్లీ చుట్టుపక్కల నిబంధన. మనకు పదిహేనేళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవచ్చు, గ్రీన్ ట్యాక్సు ఉంటుంది. కారుకు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. ఈ ఖర్చును మీ లక్షన్నరలోంచి ముందే పక్కన పెట్టండి. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, పదేళ్లు చెల్లుతుంది. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000. కానీ బండి ఒరిజినల్‌గా ఉండాలి, రోజువారీ తిరుగుడుకు పనికిరాదు. మీ ఉద్దేశం నడుపుకోవడమే కాబట్టి దాని జోలికి పోవద్దు.

పని ఎక్కడ నేర్చుకోవాలి అన్నారు. వీడియోలు చూడండి, తప్పులేదు. కానీ పాయింట్లు (ప్లగ్గులకు సమయానికి కరెంటు అందేలా చేసే స్విచ్చు) సెట్ చేయడం, కార్బురేటర్ ట్యూనింగ్ చెవితో నేర్చుకునే పనులు. రేణిగుంట రోడ్డులోగానీ, చిత్తూరులోగానీ పాత షెడ్లలో అరవై దాటిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు. స్కానర్ పెట్టి చూసే కుర్రాళ్ల మధ్య వాళ్లకు గిరాకీ తగ్గింది. అలాంటి పెద్దాయన ఒకరి దగ్గరకు వెళ్లి నేను అడిగింది ఒకటే: "భాయ్, పని మీరు చేయొద్దు. పక్కన కూర్చుని నాతో చేయించండి, మీ రోజు కూలి నేనిస్తా." ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి, "పని చేసిచ్చేదానికే ఎవురూ సరిగ్గా డబ్బులియ్యరు సామీ, చూస్తా కూర్చునేదానికి ఇస్తావా" అన్నాడు. వచ్చే ఆదివారానికే వచ్చాడు. పని పూర్తిగా అప్పగిస్తే అయ్యేదానికంటే ఇది చవక, పైగా చేతికి పనొస్తుంది. కూలి బేరమాడకండి. మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ మీవే.

ఆయన మొదట చేయించింది బ్రేకులు. నేను ఇంజను విప్పుదామని ఆత్రపడుతుంటే "నిలబడని బండికి పరుగెందుకు సామీ" అన్నాడు. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఏళ్లు నిలబడిన బండిలో వీల్ సిలిండర్ల రబ్బరు కప్పులు గట్టిపడి ఉంటాయి, మాస్టర్ సిలిండర్ లోపల తుప్పు గాట్లు పడి ఉంటుంది, చక్రాల దగ్గరి హోసులు పైకి బాగున్నా లోపల వాచి ఉంటాయి. ఇవన్నీ కొత్తవి వేయండి, ఇక్కడ పొదుపు వద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ములోని పొడిని నోటితో ఊదొద్దు, గాలి కొట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. బ్రేకు ఆయిల్ పెయింటు మీద పడితే పొర లేచిపోతుంది, వెంటనే నీళ్లు పోసి కడగండి.

బండి కిందికి వెళ్లేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. మన దగ్గర గ్రానైటు ముక్కలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కదా అని వాటినో ఇటుకలనో పేర్చేవాళ్లున్నారు. అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి. రెండు జతల ఇనుప స్టాండ్లు కొనండి, మీ సామాన్లలో మొట్టమొదట కొనాల్సినవి అవే.

జామ్ అయిన ఇంజనుకు సెల్ఫ్ కొట్టొద్దు, గేరులో వేసి లాగించొద్దు. ప్లగ్గులు తీసి ఒక్కో రంధ్రంలో డీజిలు, ఇంజన్ ఆయిల్ కలిపి కొద్దిగా పోసి వారం వదిలేయండి, ఇంకితే మళ్లీ పోయండి. తర్వాత న్యూట్రల్‌లో పెట్టి క్రాంక్ పుల్లీ నట్టుకు పానా వేసి అటూ ఇటూ మెల్లగా ఊపండి. నీళ్లు లోపలికి పోకుండా ఊరికే నిలబడి జామ్ అయినదైతే చాలాసార్లు ఇలా వదులుతుంది. వదిలిన వెంటనే స్టార్ట్ చేసేయాలనిపిస్తుంది, ఆగండి. ఆయిలు మార్చి, ప్లగ్గులు లేకుండానే తిప్పి, కంప్రెషన్ (సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో) చూశాకే విప్పాలా వద్దా అన్నది తేలుతుంది.

ట్యాంకు దింపి తుప్పు కడగండి. పెట్రోలు గొట్టాలు మాత్రం పాతవి ఒక్కటీ ఉంచొద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు. పాతకాలపు రబ్బరు దానికి ఉబ్బి, చీలి, వేడి ఇంజను మీద కారుతుంది. ఎథనాల్ తట్టుకునే హోసు అని అడిగి తీసుకోండి. బండి వారాల తరబడి నిలబెడితే ట్యాంకులో పెట్రోలు ఉంచకండి, ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది.

సామాన్లకు చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు. ఫోనులో పేరు చెప్పి తెప్పించుకోవద్దు, పాత సామాను సంచిలో వేసుకుని వెళ్లి పక్కపక్కన పెట్టి చూసి కొనండి. బస్సులో పక్క సీటాయన గ్రీజు వాసనకు ముక్కు మూసుకుంటాడు, సర్దుకోవాలి. దొరకని బుష్షులు ఇక్కడి లేత్ షాపుల్లోనే చేయించుకోవచ్చు. బ్యాటరీకి మాత్రం ఎక్కడికీ పోనక్కర్లేదు, కరకంబాడిలోనే తయారవుతున్నాయి.

రేకు పనిలో మీ చేతులతో చేయగలిగింది చాలానే ఉంది: పాత పెయింటు గీకడం, తుప్పు తీయడం, ఎపాక్సీ ప్రైమర్ కొట్టడం, వాటర్ పేపరుతో రుద్దడం. కూలి ఎక్కువ పోయేది వీటికే. కోసి వెల్డింగ్ పెట్టడం టింకర్‌కు వదిలేయండి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైరు, ట్యాంకు తీశారో లేదో మీరే చూసుకోండి. టూ-కే పెయింటు ఇంట్లో స్ప్రే చేయొద్దు, అందులోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులను పాడుచేస్తుంది, మామూలు మాస్కు దాన్ని ఆపలేదు. మామూలు ప్రైమర్ పూసిన బండిని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బయట ఉంచొద్దు. మనకు గట్టి వానలు అప్పుడే, ప్రైమర్ నీళ్లు పీల్చుకుని కింద మళ్లీ తుప్పు మొదలవుతుంది. సంక్రాంతి తర్వాత పెట్టుకుంటే ఎండ కూడా కలిసొస్తుంది.

లక్షన్నర సరిపోతుందా అంటే, రేకు గట్టిగా ఉండి, కాగితాలు సరిగ్గా ఉండి, మెరుపు పెయింటు మీద ఆశ పెట్టుకోకపోతే, బండి ధరతో కలిపి నడిచే స్థితికి తేవచ్చు. షోరూము బండిలా కనిపించాలంటే చాలదు. ఆ అరవై వేలు కూడా ఎక్కువే, ఇంజను జామ్ అయిందన్న మాటను అక్కడ వాడుకోండి.

బండి కదిలాక అందరికీ అనిపించేది తిరుమల కొండకు తీసుకెళ్లాలని. పూజ కింద అలిపిరి దగ్గరే చేయించుకోండి. ఎక్కేటప్పుడు వేడెక్కితే పక్కకు ఆపుకోవచ్చు, దిగేటప్పుడే భయం. డ్రమ్ము బ్రేకులు వరసగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. కొన్నాళ్లు చంద్రగిరి దాకా వెళ్లి వస్తూ, ప్రతిసారీ డ్రమ్ములు చేత్తో తాకి, ఏ చక్రం ఎక్కువ కాలుతోందో, ఎక్కడ చెమ్మ కనిపిస్తోందో చూసుకోండి. ఏ ఘాట్ రోడ్డు దిగాల్సి వచ్చినా ఇంజను ఆపకుండా సెకండ్ గేరులోనే దిగండి.