ఆటోనగర్ వెళ్లే ముందు ఇది చదువు

బుజ్జమ్మా,

ఆటోనగర్‌లో ఎవరిదో డేటాబేస్ సర్వర్ మాటిమాటికీ పడిపోతోందట, రేపు నువ్వొక్కదానివే చూడ్డానికి వెళ్తున్నావట. మీ అమ్మ చెప్పగానే గుంటూరంతా చాటింపు వేయాలనిపించింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు ఎర్రర్ లాగ్ చదవాలని నీకు చెప్పనక్కర్లేదు. అందులో చెక్‌సమ్, అంటే డేటా చెడలేదని సరిచూసే లెక్క, కుదరలేదని ఉంటే డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్‌ను తిట్టకు. దాన్లో డేటా దాచే భాగమైన ఇన్నోడీబీ డేటాను మామూలుగా 16 కేబీ పేజీల్లో దాస్తుంది. చదివేటప్పుడు ఆ చెక్‌సమ్ లెక్క తప్పితే, తప్పుడు డేటా ఇచ్చే కన్నా ఆగిపోవడమే మేలని కావాలనే పడిపోతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ రాసే కెర్నెల్ లాగ్‌లో ఐఓ ఎర్రర్లు, అంటే డిస్కు చదవడంలో, రాయడంలో వచ్చిన తప్పులు, వెతుకు. డిస్కు తన ఆరోగ్యం చెప్పుకునే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్లు, అంటే చదవలేకపోతున్న చోట్లు, పెరుగుతుంటే డిస్కు పోతున్నట్టే. డేటా దారిలో చెడిందని చెప్పే సీఆర్‌సీ ఎర్రర్లు మాత్రమే పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడు. అన్నీ శుభ్రంగా ఉంటే ర్యామ్‌ని అనుమానించు.

నా భయం ఇది కాదు. మిర్చి సీజన్‌లో యార్డులో ఒక కమీషన్ కొట్టు సర్వర్ ఇలాగే పడింది. బయట మిర్చి బస్తాలు, అవే టిక్కీలు, కాటా ఎక్కుతున్నాయి, అమ్మకం లెక్క రాసిచ్చే తక్‌పట్టీల కోసం రైతులు ఎండలో నిలబడ్డారు. ఓనరు అరుపులకి టెన్షన్ పడి మాతో వచ్చిన కుర్రాడు చెడిన డేటాబేస్‌ని బలవంతంగా లేపే ఫోర్స్ రికవరీని, ఒకటి నుంచి ఆరు దాకా ఉన్న మెట్లలో ఒకటితో మొదలెట్టకుండా ఏకంగా ఆరు పెట్టేశాడు. అదీ అసలు డిస్కు మీదే, కాపీ లేకుండా. ఆరు అంటే, ఇంకా డేటా ఫైళ్లలోకి ఎక్కని మార్పులు రాసి ఉండే రీడూ లాగ్‌ను పట్టించుకోవద్దని చెప్పడం. సర్వర్ లేచింది, ఓనరు అందరికీ టీ చెప్పాడు. రిపోర్టు తీస్తే పొద్దున్నే రాసిన అమ్మకాలు కొన్ని లేవు. ఇండెక్స్ ఒక లెక్క చెబితే టేబుల్ ఇంకోటి చెబుతోంది. ఆరు తీసేస్తే మళ్లీ లేవనే లేదు. చివరికి కాగితం తక్‌పట్టీలు ఏరుకొచ్చి ఒక్కొక్కటీ ఎక్కించాం. రైతుల ముఖాలు చూడలేకపోయాను. ఆ కుర్రాడు తెలివైనవాడే, నీలాగే చెయ్యి కాస్త దురుసు.

అందుకే, మొండిదానా, ఎవరెంత అరిచినా సర్వర్ ఆపి డిస్కు మొత్తాన్ని, చెడిన డిస్కు నుంచి కూడా కాపీ తీసే డీడీరెస్క్యూతో వేరే డిస్కుకి దించు. దించకుండా, ఫైల్‌సిస్టమ్‌ని రిపేరు చేసే ఎఫ్ఎస్‌సీకే ముట్టుకోకు. మూలం ఏది, గమ్యం ఏది, రెండుసార్లు పైకి చదువుకుని ఎంటర్ కొట్టు. కాపీ మీదే ఫోర్స్ రికవరీ ఒకటి పెట్టు, లేవకపోతే రెండు, మూడు. లేచిన వెంటనే డంప్ తియ్యి, అంటే డేటా అంతా ఒక ఫైల్‌లోకి రాసుకో. నాలుగు నుంచి పైకి వెళ్తే డేటా శాశ్వతంగా చెడొచ్చు, ఆ మాట ఓనరుకి ముందే చెప్పు. డంప్‌ను వేరే మెషిన్‌లో ఎక్కించి లెక్కలు సరిచూసేదాకా పాత డిస్కు ఎవరి చేతికీ ఇవ్వకు. యూపీఎస్ ఉందో లేదో అడుగు, డిస్కులన్నీ కలిపి నడిపే రెయిడ్ కార్డు ఉంటే దాని బ్యాటరీ కూడా చూడు. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు.

ఎప్పటికి అవుతుందని అడిగితే టైము చెప్పకు. అన్నం తిను. ఆలస్యమైతే రాత్రిపూట బస్సెక్కకుండా అత్తయ్య వాళ్లింట్లో ఉండి, మీ అమ్మకి ఫోన్ చెయ్యి. చెయ్యకపోతే తిట్లు నాకు పడతాయి.

మీ పెదనాన్న