టెక్ సందేహాలు: అడుగుల లెక్క సరే, మీ ఇంటి దారి ఎవరికి కనిపిస్తోంది?

ప్రశ్న: మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా ఆఫీసులో నెల రోజుల నడక పోటీ పెట్టారు. రోజుకు 10,000 అడుగులు లక్ష్యం. నా గడియారం యాప్‌ను ఆఫీసు వాళ్లు ఇచ్చిన యాప్‌తో కలిపాను. స్కూటర్ మీద వెళ్తే అడుగులు పెరుగుతున్నాయి. పాపను స్ట్రోలర్‌లో గంటసేపు తిప్పితే మాత్రం పెరగడం లేదు. గడియారం మార్చాలా?

జవాబు: మార్చనక్కర్లేదు. రెండు నెలలుగా ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది. గడియారానికి మీ పాదాలు కనిపించవు. లోపల ఉండే, కదలికను పసిగట్టే యాక్సెలరోమీటర్ మణికట్టు ఊపును పట్టుకుని, ఆ లయ నడకలా ఉంటే అడుగుగా రాసుకుంటుంది. గతుకుల రోడ్డు మీద హ్యాండిల్ అదిరినా దానికి నడకే. స్ట్రోలర్ పట్టుకున్న చెయ్యి ఊగదు కాబట్టి లెక్క ఆగిపోతుంది. పాపతో వెళ్లేటప్పుడు ఫోను జేబులో వేసుకుని దాని లెక్క చూసుకోండి.

10,000 దాటలేదని బెంగ కూడా వద్దు. ఆ అంకె వైద్యులు పెట్టింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ‘మాన్‌పో-కెయి’ అనే పరికరం పేరుకే ‘పదివేల అడుగుల మీటరు’ అని అర్థం. సగటున 72 ఏళ్ల అమెరికా మహిళలపై 2019లో వెలువడిన పరిశోధనలో, రోజుకు సుమారు 7,500 అడుగుల వరకు మరణాల ముప్పు తగ్గుతూ వచ్చింది, ఆపైన పెద్దగా తేడా లేదు. అలాగని గడియారం దండగ అనను. ఇలాంటివి పెట్టుకున్నవారు రోజుకు సుమారు 1,800 అడుగులు ఎక్కువ నడిచారని 2022లో ‘లాన్సెట్ డిజిటల్ హెల్త్’ అనే వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ‘కలిపాను’ అన్న మాట. కలిపేటప్పుడు వేటికి అనుమతి ఇచ్చారో చూశారా?

మొన్న ఆదివారం లాల్‌బాగ్‌లో మిత్రుడి కూతురు తన పరుగు యాప్ చూపించింది. పటం మీద నాలుగు రోజుల ఎర్ర గీతలు. నాలుగూ ఆమె అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఉదయం 5:40 ప్రాంతంలో మొదలై, మళ్లీ అక్కడికే చేరాయి. పక్కన పేరు, ఫొటో. ఎవరు తెరిచినా కనిపిస్తాయి. ఆ అమ్మాయి అలా పెట్టుకోలేదు, యాప్ వచ్చినప్పుడే అలా ఉంది. ఒంటరిగా బయలుదేరే వేళనూ వాకిలినీ ఊరందరికీ చెప్పే అమరికను తయారీదారు ముందే ఆన్ చేసి ఇవ్వడం క్షమించరానిది. 2017 నవంబరులో ఒక వ్యాయామ యాప్ విడుదల చేసిన ప్రపంచ పటంలో, సైనికులు పరుగెత్తిన దారుల వల్ల ఎడారుల్లోని స్థావరాల రూపురేఖలు బయటపడ్డాయి. ఆ సంగతి మరుసటి జనవరిలో గాని లోకం గమనించలేదు. ఇంత జరిగినా పాఠం నేర్వని యాప్‌లు ఇంకా ఉన్నాయి.

ప్రొఫైల్ మీకు మాత్రమే కనిపించేలా మార్చండి. దారి మొదలు, చివర దాచే అమరిక ఉంటే ఆన్ చేయండి, లేకపోతే రెండు వీధులు దాటాక రికార్డింగ్ మొదలుపెట్టండి. పాత గీతలు తుడిచేయండి. సెట్టింగ్ మార్చి పాతవి వదిలేసేవారే ఎక్కువ. ఆండ్రాయిడ్ 12 నుంచి బ్లూటూత్ గడియారాన్ని కలపడానికి ‘దగ్గరి పరికరాలు’ అనే అనుమతి విడిగా ఉంది. అయినా లొకేషన్ ఇస్తేనే కలుస్తానని మొండికేసే యాప్‌ను నేను నమ్మను.

ఇక ఆఫీసు యాప్. నడక పోటీకి అడుగులు చాలు. నిద్ర గంటలు, గుండె వేగం, నెలసరి తేదీలు ఎందుకు? ‘ఇష్టమైతేనే చేరండి’ అంటారు, పోటీ బోర్డు మీద చేరనివారి పేర్ల ఎదుట ఖాళీ కనిపిస్తుంది. మొహమాటంతో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ సమ్మతి స్వేచ్ఛగా ఉండాలని, అవసరమైన సమాచారానికే పరిమితం కావాలని, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలని రాసి ఉంది. మీ హెచ్ఆర్ విభాగానికి ఈ మాటలు రాతపూర్వకంగా పంపండి. అడుగులు తప్ప మిగతా అనుమతులన్నీ ఇవాళే తీసేయండి.

ప్రశ్న: నాన్నగారి కొత్త గడియారం సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తోంది. నమ్మవచ్చా?

జవాబు: నమ్మకండి. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే రక్తంలో చక్కెర కొలిచే గడియారం గాని, ఉంగరం గాని వాడవద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఆయన ఈ అంకె చూసి మందు మోతాదు ఏమైనా మార్చుకున్నారేమో ముందు అడగండి. మార్చి ఉంటే ఇవాళే డాక్టరుకు చెప్పండి.