భాషా సందేహాలు: టోటోపారాలో ఊపిరితో పలికే అచ్చులు

ప్రశ్న: 2023లో పద్మశ్రీ పొందినవారిలో ధనిరామ్ టోటో గారి పేరు చదివాను. టోటో భాషను నిలబెట్టడానికి చేసిన కృషికి ఆ గౌరవం లభించిందని రాశారు. ఈ భాష ఎక్కడిది? పశ్చిమ బెంగాల్ అన్నారు కాబట్టి ఇది బెంగాలీకి ఒక మాండలికమా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాండలికం కాదు, బెంగాలీతో దీనికి దూరపు చుట్టరికం కూడా లేదు. బెంగాలీ ఇండో-ఆర్య కుటుంబానికి చెందితే, టోటో టిబెటో-బర్మన్ కుటుంబానికి చెందుతుంది. టిబెటన్, బర్మీస్, మన దేశంలోని మణిపురి, బోడో భాషలు ఈ కుటుంబంలోవే. టోటోకు అన్నిటికంటే దగ్గరిదిగా పండితులు చెప్పేది తూర్పు నేపాల్‌లోని ఝాపా, మొరంగ్ జిల్లాల ధీమాల్ భాషను.

టోటో మాట్లాడేవారి ఊరు ప్రధానంగా ఒక్కటే, దాని పేరు టోటోపారా. అలీపుర్‌ద్వార్ జిల్లాలో, మదారిహాట్ నుంచి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో, భూటాన్ కొండలు మొదలయ్యే చోట ఉంటుంది. ఉత్తరాన భూటాన్ సరిహద్దు, తూర్పున తోర్సా నది, దక్షిణాన జల్దాపారా అడవుల వైపు దిగే నేల. మదారిహాట్ నుంచి వచ్చే దారి తితీ, బాంగ్రీ, హౌడీ అనే ఏర్లను దాటాలి. ఎండాకాలంలో ఆ ఏర్లు గులకరాళ్లు పరిచిన విశాలమైన ఇసుక మేటలుగా కనిపిస్తాయి. కొండల మీద వాన పడితే అవే ఏర్లు పొంగి, బండ్లు కదలకుండా ఊరిని బయటి లోకం నుంచి వేరుచేస్తాయి. ఊరిలో పోక తోటలు విస్తారంగా ఉంటాయి. పాతకాలపు ఇళ్లను నేలకు ఎత్తుగా, గుంజల మీద కట్టేవారు. మరువా అని అక్కడ పిలిచే మన రాగులతో కాచే ‘ఈఉ’ అనే పులియబెట్టిన పానీయం పండుగల్లోనూ పూజల్లోనూ తప్పనిసరి. వారి ప్రధాన దైవం ఇష్పా భూటాన్ కొండల్లో ఉంటాడని టోటోల నమ్మకం.

ఈ పరిసరాలను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఇంత చిన్న భాష చుట్టూ ఇన్ని పెద్ద భాషలు ఉన్నా ఇంతకాలం నిలిచిందంటే, అందులో ఆ అడవికీ ఆ ఏర్లకూ పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం. 1865లో సించులా ఒప్పందంతో, భూటాన్ కొండల దిగువన ఉన్న ఈ ద్వార్స్ ప్రాంతం భూటాన్ నుంచి బ్రిటిషువారి చేతికి వచ్చింది. ఆ తరువాత తేయాకు తోటలు వచ్చాయి. వాటితో ఛోటానాగ్‌పూర్ నుంచి, నేపాల్ నుంచి కూలీలు వచ్చారు. నేటికీ ఆ చుట్టుపక్కల సంతల్లో నేపాలీ, బెంగాలీ, సాద్రీ, హిందీ నాలుగూ వినిపిస్తాయి. అక్కడ సరుకు అమ్ముకునే టోటో మనిషి ఈ భాషల్లో రెండు మూడు నేర్వక తప్పదు, ఎదుటివారికి మాత్రం టోటో నేర్చుకోవలసిన అవసరం కలగదు.

ప్రశ్న: టోటో భాషలో ‘ఊపిరి కలిసిన అచ్చులు’ ఉంటాయని విన్నాను. అంటే మన ఖ, ఘ, భ ల వంటి మహాప్రాణాలేనా? నోటితో పలికి చూసుకునే మార్గం ఏదైనా చెబుతారా?
– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: మహాప్రాణాలకూ వీటికీ దగ్గరి పోలిక ఉంది, కానీ రెండూ ఒకటి కావు. ‘భ’ పలికినప్పుడు పెదవులు విడివడగానే ఒక్క క్షణం ఊపిరి బయటికి వస్తుంది, ఆ తరువాతి అచ్చు మామూలుగానే ఉంటుంది. టోటోలోని ఈ అచ్చుల్లో ఊపిరి హల్లుకు అంటుకుని ఉండదు. అచ్చు పొడవునా పరుచుకుని ఉంటుంది. గొంతులోని నాదతంత్రులు కంపిస్తూనే పూర్తిగా మూసుకోకుండా కొద్దిగా సందు వదులుతాయి, ఆ సందులోంచి గాలి జారుతుంది. అందువల్ల ధ్వని కాస్త మెత్తగా, లోతుగా వినిపిస్తుంది.

పలికి చూడాలంటే ముందు ‘ఎ’ అని నిలకడగా అనండి. తరువాత బరువు దించుకున్న మనిషి విడిచే నిట్టూర్పును తలచుకుని, గొంతు ఆగిపోకుండా అదే ‘ఎ’ను నిట్టూర్పులో కలిపి అనండి. గుసగుసగా మారితే మరీ ఎక్కువ ఊపిరి వదిలారని అర్థం. గొంతు మీద వేలు పెట్టుకుంటే కంపనం తెలుస్తూ ఉండాలి. మన దేశంలోనే ఈ భేదాన్ని స్పష్టంగా వినిపించే పెద్ద భాష గుజరాతీ. అందులో ‘బార్’ అని మామూలు అచ్చుతో అంటే పన్నెండు, అదే మాటను ఊపిరి కలిసిన అచ్చుతో అంటే బయట అని అర్థం. గుజరాతీ స్నేహితులు ఎవరైనా ఉంటే ఈ రెండు మాటలనూ పక్కపక్కనే పలకమని అడగండి. ఎంత రాసినా ఆ వినికిడికి సాటి రాదు.

ధనిరామ్ గారు రూపొందించిన టోటో లిపికి, కంప్యూటర్లలో అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలు కేటాయించే యూనికోడ్ పట్టికలో, 2021లో వెలువడిన 14వ సంచికలో చోటు దొరికింది. ఆ పట్టికలో 17 హల్లులు, 13 అచ్చులు, ఒక స్వరచిహ్నం, మొత్తం 31 సంకేతాలు ఉన్నాయి. ఆ పదమూడు అచ్చుల్లో ఎనిమిది మామూలువి, ఐదు ఊపిరి కలిసినవి. మామూలు అచ్చుల్లో అ, ఇ, ఉ, ఎ, ఒ లు మనకు పరిచయమైనవే. ‘బ్యాంకు’ అన్నప్పుడు మన నోట వచ్చే అచ్చు వంటిది ఇంకొకటి ఉంది. దానికి మన వర్ణమాలలో అక్షరం లేకపోయినా నాలుక దానికి అలవాటుపడే ఉంది. మిగిలిన రెంటినీ పట్టికలో ‘ఇఉ’, ‘ఎఒ’ అని జంట పేర్లతో గుర్తించారు. ఇవి మన అచ్చుల మధ్య ఖాళీల్లో పడే ధ్వనులు కాబట్టి, విని పట్టుకోవలసిందే.

హల్లుల దగ్గర మీరు గమనించదగ్గవి రెండు. మొదటిది, త-ట, ద-డ జంటలను ఆ లిపి వేరు చేయదు. ఒక్క త, ఒక్క ద. మహాప్రాణాలకూ వేరే అక్షరాలు లేవు. రెండవది, అక్కడ ‘ఙ’ కు సొంత అక్షరం ఉంది. మనం ఙ ను బడిలో వల్లించి ఆ తరువాత మరచిపోతాం గానీ, ‘గంగ’ అన్న ప్రతిసారీ నిండుసున్న చోట పలికేది ఆ ధ్వనినే. మన భాషలో అది మాట మొదట రాదు. టిబెటో-బర్మన్ భాషల్లో మాత్రం మాట మొదట రావడం సర్వసాధారణం. టిబెటన్‌లో ‘ఙ’ అంటే నేను, బర్మీస్‌లో అదే ధ్వనితో మొదలయ్యే మాటలు చేపకూ ఐదుకూ ఉన్నాయి. మీ పిల్లలకు సాధన చేయించాలంటే, ‘గంగ’ను సున్న దగ్గర ఆపి, ఆ ముక్కు ధ్వనిని సాగదీయమని, తరువాత గ ను వదిలేసి నేరుగా ‘అ’ లోకి వెళ్లమని చెప్పండి. రెండు మూడు నిమిషాల్లో వచ్చేస్తుంది.

ఇక ఆ స్వరచిహ్నం సంగతి. మనం ‘వచ్చాడు’ అని కింది స్వరంతో అంటే విషయం చెప్పినట్టు, చివర స్వరం ఎత్తి ‘వచ్చాడు?’ అంటే అడిగినట్టు. ఆ ఎత్తు వాక్యానిది; ‘వచ్చాడు’ అనే మాట అర్థం మారదు. స్వరభేదం ఉన్న భాషల్లో ఆ ఎత్తు మాటకే చెందుతుంది, ఎత్తి పలికితే ఒక మాట, ఎత్తకపోతే వేరొక మాట. టోటో లిపిలోని చిహ్నం అలా పైకి లేచే స్వరాన్ని గుర్తించడానికి ఏర్పడింది.

ప్రశ్న: మా జిల్లాలో సవర భాషకు గిడుగు రామమూర్తి పంతులు గారు తెలుగు లిపినే వాడి పుస్తకాలు రాశారు. టోటోకు కూడా బెంగాలీ లిపి సరిపోదా? కొత్త లిపి నేర్చుకోవడం పిల్లలకు భారం కదా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: గిడుగు వారిని తలచుకున్నందుకు సంతోషం. ఆయన సవరకు తెలుగు లిపిలో పాఠాలు రాసినా, 1931లో ఇంగ్లీషులో వెలువరించిన సవర వ్యాకరణ గ్రంథంలో రోమన్ అక్షరాలను, ప్రత్యేక గుర్తులను వాడారు. ఉన్న లిపిలో ఇమడని ధ్వనులు సవరలో ఉన్నాయి. అంతటితో కథ ఆగలేదు. 1936లో మంగేయ్ గమాంగ్ గారు సవరలకోసం ‘సొరా సొంపెంగ్’ అనే కొత్త లిపిని రూపొందించారు. అంటే మీ జిల్లా పక్కనే ఈ ప్రశ్న రెండు విధాలుగానూ పరీక్షకు నిలిచింది.

టోటో విషయంలో బెంగాలీ లిపి పనికిరానిదేమీ కాదు. టోటో రచయితలు ఇప్పటికీ దానిలో రాస్తున్నారు. కవి భక్త టోటో గారు సేకరించిన టోటో పదకోశం 2023లో కోల్‌కతాలో విడుదలైంది. అందులో మాటలు బెంగాలీ, రోమన్ లిపుల్లో ఉన్నాయి. అయితే బెంగాలీ లిపిలో ఊపిరి కలిసిన అచ్చును రాయాలంటే పక్కన హ చేర్చాలి, లేదా ముందరి హల్లును మహాప్రాణంగా మార్చాలి. రెండూ చదివేవారిని దారి తప్పిస్తాయి. బెంగాలీ బడిలో చదివిన పిల్లవాడు ఆ అక్షరాలను చూసి బెంగాలీ ఉచ్చారణతోనే చదువుతాడు. రాత ద్వారా పలుకు అరిగిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది.

2015లో ధనిరామ్ గారి లిపి వెలుగు చూసింది. మన లిపితో పోలిస్తే అది చాలా సరళమైనది. గుణింతాలు లేవు, ఒత్తులు లేవు; హల్లు తరువాత అచ్చును విడి అక్షరంగా ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోవడమే. ముప్పై అక్షరాలు, ఒక గుర్తు నేర్చుకుంటే సరిపోతుంది. మన పిల్లలు రెండవ తరగతి దాటేలోపు నేర్చే గుణింతాలతో, సంయుక్తాక్షరాలతో పోలిస్తే దీన్ని భారం అనలేం. నిజమైన ఇబ్బంది వేరే చోట ఉంది. ఆ లిపిలో చదవడానికి పుస్తకాలు, ఫోనులో టైపు చేయడానికి కీబోర్డు, పాఠం చెప్పే పంతులు, ఈ మూడూ లేకపోతే ఎంత సులభమైన లిపి అయినా గోడమీది పేరుపలకకే పరిమితమవుతుంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో దొరికిన గోండీ లిపికి 2018లో యూనికోడ్ స్థానం లభించిన తరువాత కూడా అక్కడివారు ఎదుర్కొంటున్న పని ఇదే.

ప్రశ్న: టోటోల జనాభా 1951లో 321 ఉండగా 2001 నాటికి 1,184 అయిందని, ఇప్పుడు సుమారు 1,600 అని చదివాను. జనం పెరుగుతుంటే భాష అంతరిస్తోందని యునెస్కో ఎందుకు అంటోంది?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మనుషుల సంఖ్య, భాష మాట్లాడే గంటల సంఖ్య వేర్వేరుగా నడుస్తాయి కాబట్టి. వైద్యం, ఆహారం మెరుగుపడి టోటోల సంఖ్య పెరగడం ఎంతో మంచి మాట. అదే కాలంలో ఊళ్లో నేపాలీ మాట్లాడే కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. బడిలో బోధన బెంగాలీలో సాగుతుంది. పై చదువుకూ ఉద్యోగానికీ హిందీ, ఇంగ్లీషు కావాలి. ఉదయం నిద్ర లేచిన పిల్లవాడికి ఇంట్లో అమ్మతో, తాతతో మాట్లాడే కాసేపు తప్ప టోటో అవసరం ఎక్కడా రాదు. ఆ కాసేపు కూడా నేపాలీ పాటలకూ ఫోను వీడియోలకూ పోయిన రోజున, ఊళ్లో ఎంతమంది టోటోలు ఉన్నా భాష తరువాతి తరానికి అందదు. యునెస్కో తన పటంలో ఈ భాషను తీవ్ర ప్రమాదంలో ఉన్నవాటి వరుసలో చేర్చింది.

లెక్కల్లో కనిపించకపోవడం మరో చిక్కు. 1971 నుంచి మన జనాభా లెక్కల్లో 10,000 కంటే తక్కువ మంది మాట్లాడే భాషలను విడిగా ప్రకటించడం లేదు. పదహారు వందల మంది భాష ‘ఇతరములు’ అనే గడిలో కలిసిపోతుంది. మన చెంచులు, కొండరెడ్లు, కొలాములలాగే టోటోలను ప్రభుత్వం అతి బలహీన గిరిజన సమూహాల్లో ఒకటిగా గుర్తించింది. అంటే సమూహానికి ఒక జాబితాలో పేరు ఉంది గానీ, భాషకు ప్రకటిత లెక్కల్లో వరుస లేదు. భాషకు ఎన్ని పాఠ్యపుస్తకాలు, ఎంతమంది పంతుళ్లు కావాలో తేల్చడానికి మొదట దాన్ని మాట్లాడేవారి లెక్క ప్రకటించాలి; ఈ పద్ధతిని మార్చాలని గట్టిగా కోరుకునేవారిలో నేనూ ఒకడిని. ఉత్తరాంధ్రలో గదబ కుటుంబాలు అనేకం తెలుగులోకి మారిపోయిన తీరు చూసినవారికి ఈ మాట కొత్త కాదు.

ప్రశ్న: నేను భాషాశాస్త్ర విద్యార్థినిని. టోటోపారాకు వెళ్లి ఆ పలుకు విని రికార్డు చేసుకోవచ్చా? ఎలా వెళ్లాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తప్పక వెళ్లండి, కానీ వానకాలంలో వద్దు. మన వైపు నుంచి న్యూ జల్‌పాయిగుడి వరకు రైలులో వెళ్లి, అక్కడి నుంచి సిలిగుడి–అలీపుర్‌ద్వార్ మార్గంలో మదారిహాట్ చేరుకుని, ఆపైన రోడ్డు మీద పోవాలి. రికార్డు చేసే ముందు మాట్లాడే మనిషి నుంచి అనుమతి తీసుకోండి. దాన్ని ఎక్కడ ఉంచుతారో, ఎవరు వింటారో వారికి అర్థమయ్యే భాషలో చెప్పండి. పూజా సమయంలో పాడే మాటలను అడగకుండా రికార్డు చేయకండి. విడి పదాల పట్టికతో సరిపెట్టుకోకుండా, పోక చెట్టు ఎక్కడం, ఈఉ కాచడం వంటి పనులను వారి మాటల్లోనే వివరించమని అడగండి. స్వరం, ఊపిరి నిజంగా ఎలా పనిచేస్తాయో అలాంటి వాడుక వాక్యాల్లో తెలుస్తుంది. గాలి, సెలయేటి చప్పుడు పడకుండా ఇంటి లోపల కూర్చుని, మైకును నోటికి కాస్త పక్కగా పెట్టండి. ఎదురుగా పెడితే వదిలిన ఊపిరి తగిలి, మీరు వినదలచిన అచ్చులే చెడిపోతాయి. తిరిగి వచ్చేముందు ఆ రికార్డుల ప్రతిని ఊరి బడికి ఇచ్చి రండి.