రెండు లీటర్ల నీళ్ళు, ఒక మూకుడు

చిరంజీవి బిడ్డకు ధర్మాబాద్ నుంచి పెద్దబాపు దీవెనలు.

దెగ్లూరులో మీ గల్లీకి ట్యాంకర్ ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో పిట్టలకు నీళ్ళు పెడితే నలుగురూ ఏమనుకుంటారోనని అడిగావు. లెక్క చెప్తాను, విను. 12 అంగుళాల మూకుట్లో రెండు వేళ్ళ లోతు పోస్తే 2 లీటర్లకు మించదు. మరుగుదొడ్లో ఒక్కసారి గుమ్మరించే నీళ్ళు అంతకన్నా ఎక్కువ. 2016 ఏప్రిల్‌లో మన మహారాష్ట్రలోనే, కరువు పట్టిన లాతూరుకు మిరజ్ నుంచి రైలు మీద నీళ్ళు తెచ్చారు. అట్లాంటి నేల మీద ఉన్నవాళ్ళం, నీళ్ళ విలువ మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అందుకే మూకుట్లో పాత నీళ్ళు కూడా పారబోయకు, కల్యామాకు చెట్టు మొదట్లో పొయ్యి. రోజూ అంతే కొలత, అదే వేళ. ఒకరోజు బకెట్టు నింపి మూడు రోజులు ఎండబెట్టేకన్నా ఇది నయం.

స్టీలు పళ్ళెం వద్దు. కాలుతుంది, జారుతుంది. కుమ్మరి దగ్గర వెడల్పాటి మట్టి మూకుడు తీసుకో. పూత లేని మట్టి కొంచెం చెమ్మగిల్లుతుంది, ఆ చెమ్మ ఆరుతూనే నీళ్ళను చల్లబరుస్తుంది. అంచు దగ్గర లోతు అర అంగుళం, నడుమ 2 అంగుళాలు దాటకూడదు. లోతు ఎక్కువైతే నీళ్ళలో ఒక గరుకు రాయి పెట్టు, దాని పైభాగం నీటి మట్టానికి కాస్త కింద ఉండాలి. పిచ్చుక ఆ రాయి మీద నిలబడే స్నానం చేస్తుంది.

మే నెల ఎండలో ఆరుబయట పెడితే రోజుకు లీటరు దాకా ఆవిరైపోతుంది. నీడన పెట్టు, కానీ సరిగ్గా కొమ్మ కింద వద్దు, రెట్టలు పడతాయి. పొదకు 6 నుంచి 8 అడుగుల దూరం ఉంచు. దగ్గరైతే పిల్లి పొదలోంచే దూకుతుంది. మరీ దూరమైతే తడిసిన రెక్కలతో పిట్ట దాక్కునే చోటికి చేరలేదు. మూడడుగుల ఎత్తు దిమ్మె మీద పెడితే మంచిది.

కడగడమే అసలు పని. డెంగీ దోమ గుడ్లు నీళ్ళలో తేలవు, నీటి అంచుకు పైన గోడకు అంటుకుంటాయి. ఎండినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. అందుకని నీళ్ళు మార్చడంతో సరిపెట్టకు, కొబ్బరి పీచుతో అంచు గట్టిగా తోము. సబ్బు వద్దు, ఈకల మీద నూనె పోతే పిట్ట తడిసి బరువెక్కుతుంది. రెండు మూకుళ్ళు ఉంచుకుని ఒకటి నీళ్ళతో, ఒకటి ఎండలో బోర్లించి మార్చుకుంటూ పో. నీళ్ళలో చక్కెర, ఉప్పు, గ్లూకోజు ఏదీ కలపకు. గింజలు మూకుడు పక్కన చల్లకు, నీళ్ళలో పడి పులుస్తాయి. కాకి సంగతి వేరే: ఎక్కడిదో రొట్టె ముక్క తెచ్చి నానబెట్టి తింటుంది. అది చూస్తే పొద్దుగాల మార్చినా సరే, మళ్ళీ మార్చు.

ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుంటూ మూకుడు పక్కనే కూర్చున్న గువ్వ కనిపిస్తే అది జబ్బుపిట్ట. ఆ నీళ్ళతోనే మిగతావాటికీ అంటుతుంది. మూకుడు తీసేసి రెండు వారాలు ఎండబెట్టు. జాలి పడి అక్కడే ఉంచావో, పది పిట్టలు పోతాయి.

చూడాలంటే పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర తర్వాత. 15 అడుగుల దూరంలో, సూర్యుణ్ణి వీపున పెట్టుకుని కదలకుండా కూర్చో. మొదటి వారం ఏదీ రాకపోవచ్చు. పిచ్చుక, అదే మీ పక్కింటి మరాఠీవాళ్ళ చిమణి, ముందుగా వస్తుంది. తోక కింద ఎర్ర మచ్చ ఉన్నది పిగిలిపిట్ట. సాళుంకి, మన గోరింక, వచ్చిందంటే సగం నీళ్ళు నేలపాలే. సాత్‌భాయీలు, అవే ఎప్పుడూ కలిసి తిరిగే మట్టిరంగు పిట్టలు, గుంపుగా దిగుతాయి, ఒకటి మాత్రం కొమ్మ మీద కాపలా ఉంటుంది. నీళ్ళు తాగడం దగ్గరగా చూడు: పిచ్చుక ముక్కు ముంచి, తల పైకెత్తి మింగుతుంది. గువ్వ తల ఎత్తదు, ముంచిన ముక్కుతోనే గుటగుటా పీల్చేస్తుంది. మధ్యాహ్నం కాకి నోరు తెరిచి రెక్కలు ఒళ్ళుకు దూరంగా పట్టుకుంటే అది రోగం కాదు. పిట్టలకు చెమట పట్టదు, వేడి అట్లా పోగొట్టుకుంటాయి. గుంపంతా ఒక్కసారిగా గమ్మునైపోతే పైన డేగ కోసం చూడు.

నీటిచుక్క చప్పుడుకు పిట్టలు త్వరగా వస్తాయి. మందుల దుకాణంలో కొత్త సెలైన్ గొట్టం కొని, పైన వేలాడదీసిన సీసాకు తగిలించి, సెకనుకు ఒక చుక్క పడేట్టు చక్రం తిప్పు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, అంటే గంటకు 180 మిల్లీలీటర్లు. రెండు గంటలు నడిపితే చాలు. పడేది మూకుట్లోకే కాబట్టి ఆ 2 లీటర్ల లెక్కలోనే వస్తుంది.

ఇంకొకటి. పిచ్చుకలకు మట్టి స్నానం కూడా కావాలి. ఎండలో అడుగు వెడల్పు చోట మట్టిని మెత్తగా పొడి చేసి పెట్టు, చుక్క నీళ్ళు ఖర్చు కావు.

అన్నింటికన్నా ముందు, మీ ఇంట్లో ట్యాంకర్ నీళ్ళు పట్టుకునే డ్రమ్ములకు మూతలు వెయ్యి. దాహంతో అంచున వాలిన పిట్ట లోపల పడితే జారుడు గోడ ఎక్కలేదు. మూత లేని డ్రమ్ములో ఒక కట్టె ముక్కయినా అంచుదాకా వాల్చి పెట్టు.

జూన్‌లో వానలు పడి గుంటలు నిండాక మూకుళ్ళు తోమి, ఎండబెట్టి, బోర్లించి దాచెయ్యి.

మీ పెద్దబాపు