పాడుబడిన బంగళా కథకు పోస్టర్: లోపం టెక్స్చర్‌లో కాదు, శీర్షికలో ఉంది

మీ లఘుచిత్రం పాడుబడిన బంగళాలో జరిగే కథ అయినా, గోడ పెచ్చుల టెక్స్చర్‌ను (గరుకు ఉపరితలపు చిత్రాన్ని) ఎంత గాఢంగా పరిచినా ఫొటోషాప్‌లో చేసిన పోస్టర్‌లో భయం పుట్టడం లేదనీ, శీర్షికలో వత్తులు విడిపోతున్నాయనీ రాశారు. గుండ్రని వంపులూ, మెలికలు తిరిగిన తలకట్లూ ఉన్న ఫాంటును ఎంచుకున్నారు కనుక, దాని మీద ఎన్ని మరకలు వేసినా అది నానిపోయిన శుభలేఖలాగే కనిపిస్తుంది.

ముందుగా టెక్స్చర్ పొరను ఆపివేసి, శీర్షికను నలుపు తెలుపుల్లో మాత్రమే చూడండి. రామభద్ర వంటి మందమైన ఫాంటుతో మొదలుపెట్టి, అక్షరాలను అవుట్‌లైన్లుగా (చెక్కి మార్చగల గీతల ఆకారాలుగా) మార్చి, కొన్ని కొసలను పదునుగా చెక్కితే సగం పని అక్కడే పూర్తవుతుంది. అయితే తెలుగులో గుడిదీర్ఘం చివర కాస్త చెరిగినా ‘కీ’ కాస్తా ‘కి’ అయిపోతుంది కాబట్టి, గరుకుదనాన్ని అక్షరం మందంగా ఉన్న చోటికే పరిమితం చేసి, గుణింతపు గుర్తులనూ వత్తులనూ శుభ్రంగా వదిలేయాలి.

మీరు టెక్స్చర్‌ను మల్టిప్లై మోడ్‌లో (కింది పొరను ముదురు చేసే పద్ధతిలో) వేశారు. నల్లని అక్షరాల మీద అది దాదాపు ఏ మార్పూ చూపదు. దానికి బదులు నేపథ్యంలో ఉన్న గోడ ఫొటోనే లెవెల్స్‌తో (వెలుగునీడలను సరిచేసే సాధనంతో) నలుపు తెలుపులకు తెచ్చి, శీర్షికకు లేయర్ మాస్క్‌గా (నల్లగా ఉన్న చోట పొరను దాచే తెరగా) పెట్టండి. గోడలోని పగుళ్ళే అక్షరాలలోనూ కొనసాగి, శీర్షిక ఆ గోడ మీదే రాసినట్టు కనిపిస్తుంది.

వత్తులు విడిపోయే సమస్య వేరు: ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్‌ను (భారతీయ లిపుల అక్షరాలను సరిగ్గా కలిపే ఎంపికను) ఎంచుకుంటే సాధారణంగా అది సరిపోతుంది. ఏ3 ముద్రణకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) వద్ద సుమారు 3508×4961 పిక్సెళ్ళు కావాలి. అంతకన్నా చిన్న గోడ ఫొటోను సాగదీస్తే గరుకుదనం మసకబారుతుంది.