చానల్‌కు ఒక పేరు, బ్యాంకులో ఇంకో పేరు ఉంటే డబ్బు వస్తుందా?

ప్రశ్న: నేను ట్రాన్స్ మహిళను. మేకప్ పాఠాలతో యూట్యూబ్ చానల్ నడుపుతున్నాను. గుర్తింపు కార్డులు, బ్యాంకు ఖాతా ఇంకా పాత పేరుతోనే ఉన్నాయి. మానిటైజేషన్‌కు (వీడియోలపై ఆదాయం పొందడానికి) అప్లై చేస్తే ఆ పేరు బయటపడుతుందేమోనని టెన్షన్. స్నేహితురాలి ఖాతా ఇవ్వొచ్చా?

జవాబు: దయచేసి ఇవ్వకండి. మీ కష్టార్జితం మీ చేతికే రావాలి. యూట్యూబ్ డబ్బు వచ్చే గూగుల్ ఖాతా యాడ్‌సెన్స్. అందులో ఎవరి పేరుంటే ఆదాయం లెక్కల్లో వాళ్లదే. రేపు ఇద్దరికీ చెడితే మీ దగ్గర చూపించడానికి కాగితం ముక్క కూడా ఉండదు.

ప్రేక్షకులకు కనిపించేది చానల్ పేరే, పేమెంట్ ప్రొఫైల్‌లో (యాడ్‌సెన్స్‌లో డబ్బు అందుకునే వ్యక్తి వివరాలు) ఉండే పేరు కాదు. అందుకని చానల్‌కు మీరు పిలిపించుకునే పేరు ఉంచుకుని, పేమెంట్ ప్రొఫైల్‌లో బ్యాంకు ఖాతాలో ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. ఇందులో తప్పేమీ లేదు. కార్డుల్లో పేరు మారాక రెండు చోట్లా మార్పించుకోండి.

పాత పేరు బయటపడేది వేరే దారుల్లో. డాలర్ ఖాతాల్లో సంపాదన 10 డాలర్లు దాటగానే చిరునామా నిర్ధారణకు పిన్ నంబరుతో ఉత్తరం వస్తుంది, అదీ పేమెంట్ పేరు మీదే. ఎవరు విప్పినా మీకు ఇబ్బంది రాని చిరునామా ఇవ్వండి. రెండోది కాపీరైట్. మీ వీడియోను ఎవరైనా ఎత్తుకెళ్లి పెట్టుకుంటే మీరు ఇచ్చే ఫిర్యాదులో చట్టబద్ధమైన పేరు రాయాలి, అది అవతలివాళ్లకు చేరవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు. మీ తరఫున అధికారం ఉన్న ప్రతినిధితో ఫిర్యాదు పెట్టించే వీలుంది, దాన్ని వాడుకోండి. ఇక బ్రాండ్లకు ఇచ్చే మెయిల్ ఐడీలో పాత పేరు ఉంటే ఈ రోజే కొత్తది తెరవండి.

ప్రశ్న: కొందరు పనిగట్టుకుని నా పాత పేరుతో కామెంట్లు పెడుతున్నారు. కామెంట్లు ఆపేయనా?

జవాబు: వద్దు. మీ పాఠాలు నచ్చి, సందేహాలు అడిగేవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. రేపు డబ్బిచ్చి మీ దగ్గర నేర్చుకునేది వాళ్లే. యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో కమ్యూనిటీ విభాగానికి వెళ్తే బ్లాక్ చేసే పదాల పెట్టె ఉంటుంది. అందులో మీ పాత పేరు, ముద్దు పేరు, తిట్లు చేర్చండి. తెలుగు లిపిలోనూ ఇంగ్లిష్ లిపిలోనూ, ఎన్ని స్పెల్లింగులు తోస్తే అన్నీ రాయండి. అలాంటి కామెంట్లు పైకి కనిపించకుండా రివ్యూకి వెళ్లిపోతాయి. ఆ రివ్యూ మీరే చూడక్కర్లేదు, నమ్మకమైన మనిషికి స్టూడియోలో పర్మిషన్ ఇచ్చి ఆ పని అప్పగించండి.